జర్మనీలో చలికాలం రాకముందే కుదుర్చుకోవాల్సిన పనులు

జర్మనీకి బయలుదేరే మా కావలి, కందుకూరు పిల్లలు నన్ను అడిగేవి రెండే: గది దొరుకుతుందా, పార్ట్‌టైమ్ దొరుకుతుందా. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా రోజు ఎట్లా నడపాలో ఎవరూ అడగరు. నా మటుకు అదే పెద్ద విషయం. నేను మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. ఇక్కడ అక్టోబర్‌లో క్లాసులు మొదలవుతాయి, డిసెంబర్ వచ్చేసరికి సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. ఇంటి మీద దిగులు పట్టుకునేది అప్పుడే. ఆలోపే వంట, బజారు, ఫోన్లు అన్నిటికీ ఒక వేళ కుదిరిపోయి ఉంటే మనిషి నిలబడతాడు.

ముందు సూట్‌కేసు సంగతి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి పెట్టుకోవద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడానికి యూరప్‌లో అనుమతి లేదు, కస్టమ్స్‌లో పట్టుకుంటే తీసేసుకుంటారు. రొయ్యల పచ్చడికి ఆ నిషేధం లేదు, అది మన నెల్లూరు వైపు వాళ్ల అదృష్టం. ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు మాత్రం వద్దు. మన మిక్సీ ఇక్కడి కరెంటుకు సరిపోతుంది కానీ మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు, అడాప్టర్ కావాలి.

గదిలో దిగిన రెండు వారాల్లోగా సిటీ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం అడుగుతారు, అపాయింట్‌మెంట్ ముందే తీసుకోండి. అదే రోజు కింద పోస్టు డబ్బా మీద మీ పేరు అంటించండి. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ట్యాక్స్ నంబరు, బ్యాంకు కాగితాలు ఇక్కడ ఇంకా పోస్టులోనే వస్తాయి మరి. టీవీ, రేడియో ఫీజు అని నెలకు 18.36 యూరోల ఉత్తరం కూడా వస్తుంది. టీవీ లేకపోయినా కట్టాల్సిందే, కాకపోతే అది ఇంటికి ఒక్కటే, రూమ్మేట్లు పంచుకోవచ్చు.

ఇక వారానికి మూలం శనివారం. ఆదివారం సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, శనివారం బద్ధకిస్తే రెండో రోజు పాల ప్యాకెట్ కూడా దొరకదు. పొద్దున్నే ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని వెళ్లండి. షాపులో మెషిన్‌లో పెడితే ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసాకు, కూల్‌డ్రింక్ టిన్నుకు కొన్నప్పుడు కట్టిన డిపాజిట్ 25 సెంట్లు చొప్పున చీటీగా వెనక్కి వస్తుంది, బిల్లులో తగ్గించుకుంటారు. సోనా మసూరి ఏషియన్ స్టోర్‌లో పెద్ద బస్తా తీసుకుని ముగ్గురు పంచుకోవడం మేలు.

శనివారం సాయంత్రం నేను పులుసు పెడతాను. చింతపండు పులుసు నిలవుంటుంది, చేపల పులుసైతే మర్నాటికి ఇంకా బాగుంటుందని మన నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ షాపు ఫ్రీజర్‌లో దొరికే చేప ముక్కలు మెత్తన, తొందరగా విరిగిపోతాయి. పులుసు బాగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వేయండి. ఆ తర్వాత గరిటె పెట్టొద్దు, గిన్నె చెవులు పట్టుకుని ఒకసారి తిప్పితే చాలు. చల్లారాక డబ్బాల్లో సర్ది, సోమ, మంగళవారాలకు ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్‌లో పెడితే క్లాసు నుంచి వచ్చి అన్నం ఒక్కటి వండుకుంటే సరిపోతుంది.

వండేటప్పుడు గది తలుపు మూసి, వంటింటి కిటికీ బార్లా తెరవండి. ఎండుమిర్చి తాలింపు పొగ గదిలోకి వెళితే స్మోక్ అలారం మోగుతుంది, బిల్డింగంతా టెన్షన్. చలి అని కిటికీలు బిగించి అన్నం ఉడికిస్తే ఆవిరి గోడకు పట్టి నల్లగా బూజు వస్తుంది, ఖాళీ చేసేటప్పుడు ఓనర్ అడ్వాన్సులో కోస్తాడు. అందుకే పొద్దున, సాయంత్రం ఐదు పది నిమిషాలు కిటికీ పూర్తిగా తెరిచి మూసేయాలి. కొంచెం తెరిచి రోజంతా వదిలేస్తే గోడలు చల్లబడతాయి తప్ప లాభం లేదు.

ఇంటికి ఫోన్ చేయడానికి ఒక వేళ పెట్టుకోండి. వేసవిలో మనకూ వాళ్లకూ తేడా మూడున్నర గంటలు, అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు మార్చాక నాలుగున్నర. ఈ మార్పు అమ్మావాళ్లకు ముందే చెప్పాలి, లేకపోతే ఫోన్ గంట ఆలస్యమైందని కంగారు పడతారు. నేను పొద్దున ఎనిమిదింటికి క్లాసుకు నడుస్తూ చేస్తాను. నాన్న రొయ్యల చెరువు దగ్గర్నుంచి అన్నానికి వచ్చే వేళ అది, ఇద్దరూ దొరుకుతారు. రాత్రిపూట చేస్తే వాళ్లు నిద్ర ఆపుకుంటూ కూర్చుంటారు, మనకూ గుబులు పెరుగుతుంది.

పార్ట్‌టైమ్ ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు చేయవచ్చు. వీలైతే దాన్ని సెలవుల్లోకి నెట్టండి. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: చాలా యూనివర్సిటీల్లో కోర్సులో చేరితే సరిపోదు, పరీక్షకు విడిగా రిజిస్టర్ కావాలి, దానికి గడువు ఉంటుంది. మొదటి వారంలోనే ఆ తేదీ కనుక్కుని ఫోన్‌లో అలారం పెట్టుకోండి.