ముక్క చెదరని గుమ్మడికాయ దప్పళం

సంక్రాంతికి కోస్తా ఇళ్లలో ముద్దపప్పు చేశారంటే పక్కన గుమ్మడికాయ దప్పళం ఉండాల్సిందే. చేయడం పెద్ద కష్టం కాదు. కానీ ముక్కలన్నీ ఒకేసారి గిన్నెలో పోసి, పైన చింతపండు పులుసు గుమ్మరించి పొయ్యెక్కిస్తే రెండు విధాలా చెడుతుంది. చిలగడదుంప, మునక్కాడ ఓ పట్టాన ఉడకవు. అవి ఉడికేదాకా ఆగితే గుమ్మడి జావైపోతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది తెలిస్తే దప్పళం వచ్చేసినట్టే.

దీనికి కావలసింది తీపి గుమ్మడి. వడియాలు పెట్టే బూడిద గుమ్మడి పనికిరాదు. నిండుకాయ కొనేటప్పుడు తొడిమ ఎండి గట్టిపడిందా, తొక్క మీద గోరు దిగకుండా ఉందా చూడండి. సైజుకు తగ్గ బరువుండాలి. చాలామంది కోసిన చెక్కే కొంటారు, దానిలో ఇంకా సులువు: కండ ముదురు నారింజ రంగులో, గట్టిగా ఉండాలి, గింజలు లావుగా నిండి ఉండాలి. కండ పాలిపోయి, కోసిన చోట చెమ్మ ఊరుతుంటే అది లేతకాయ. పులుసులో నీరు వదులుతుందే గాని తీపి ఇవ్వదు. అలాంటిది తెస్తే బెల్లం ఎంత పోసినా ఆ రుచి రాదు.

తొక్క తీయొద్దు. గింజలు, లోపలి మెత్తటి పీచు గీకేసి, తొక్కతోనే అంగుళంన్నర ముక్కలు కోయండి. ఉడికాక ముక్కను పట్టి ఉంచేది ఆ తొక్కే, పైగా తినేటప్పుడు మెత్తగానే ఉంటుంది. తొక్క మరీ మందంగా, గరుకుగా ఉంటే అక్కడక్కడ చెక్కితే సరిపోతుంది.

ఆరుగురికి సరిపడా కొలతలు ఇవి. తీపి గుమ్మడి అరకిలో, సొరకాయ 200 గ్రాములు, చిలగడదుంప 150 గ్రాములు, మునక్కాడ ఒకటి, బెండకాయలు ఆరు, సాంబారు ఉల్లిపాయలు పది (లేదా పెద్దవి రెండు, నాలుగేసి చెక్కలుగా), నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయలు ఐదు. చింతపండు 40 గ్రాములు, బెల్లం 50 గ్రాములు, ఉప్పు రెండున్నర టీస్పూన్లు, కారం ఒక టీస్పూను, పసుపు అర టీస్పూను, బియ్యప్పిండి ఒక టేబుల్‌స్పూను. ముక్కలన్నిటిలో గుమ్మడి సగానికి కాస్త అటూఇటూ ఉండాలి. అంతకంటే తగ్గితే అది మామూలు ముక్కల పులుసే.

పొడి ముందే కొట్టి పెట్టుకోండి. ధనియాలు, శనగపప్పు ఒక్కో టేబుల్‌స్పూను, ఎండుమిర్చి నాలుగు, మెంతులు పావు టీస్పూను సన్నసెగ మీద నూనె లేకుండా వేయించాలి. శనగపప్పు ఎర్రబడగానే పొయ్యి కట్టేసి, ఒక టేబుల్‌స్పూను నువ్వులు ఆ వేడి మూకుట్లోనే వేసి కలపండి. మొదట్నుంచీ వేస్తే నువ్వులు మాడి చేదెక్కుతాయి. మెంతులు కూడా అంతే, పావు స్పూను దాటితే పులుసంతా చేదే. చల్లారాక కాస్త బరకగా పొడి చేయండి. కోస్తాలో కొన్ని ఇళ్లలో ఈ పొడి వాడరు, కారం, బియ్యప్పిండితోనే సరిపెడతారు. అప్పుడు కారం, పిండి అర స్పూను చొప్పున పెంచాలి. నువ్వుల పొడి వాడకం తెలంగాణ పులుసుల్లో ఎక్కువ, గుమ్మడితో అది బాగా కుదురుతుంది.

చింతపండును రెండు గ్లాసుల వేడినీళ్లలో అరగంట నానబెట్టి, పిసికి వడకట్టండి. కొత్త చింతపండు వచ్చేది ఎండాకాలంలో, కాబట్టి సంక్రాంతి నాటికి అందరి ఇళ్లలో ఉండేది పోయిన ఏటిదే. పాత చింతపండు నల్లబడుతుంది, అందుకే దప్పళం నల్లగా దిగిందని కంగారుపడక్కర్లేదు. అడుగున ఇసుక దిగుతుంది, ఆ చివరి రెండు చెంచాలూ పారబోయండి. బెల్లం కూడా కరిగించి వడకట్టడం మంచిది.

మందపాటి స్టీలు గిన్నెగానీ మట్టికుండగానీ పెట్టుకోండి. వెనకటికి పులుసులు రాచ్చిప్పలో, అంటే రాతి గిన్నెలో కాచేవారు, ఉంటే అంతకంటే మంచిది లేదు. ఇనప మూకుట్లో వద్దు, పులుపు తగిలి నల్లబడి ఇనుము వాసన వస్తుంది. కళాయి పూత లేని ఇత్తడి, రాగి గిన్నెలూ వాడకూడదు.

ఇక వరస. గిన్నెలో మూడు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, మునక్కాడ, చిలగడదుంప, సొరకాయ, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పసుపు, ఒక టీస్పూను ఉప్పు వేసి మూతపెట్టి ఎనిమిది నిమిషాలు ఉడికించండి. తర్వాత గుమ్మడి ముక్కలు వేసి ఐదారు నిమిషాలు. చాకు మొన గుచ్చితే దిగుతూనే మధ్యలో కాస్త అడ్డం తగలాలి. సరిగ్గా అప్పుడే చింతపండు పులుసు పోయాలి. పులుపు తగిలాక కూరగాయ అంత తొందరగా మెత్తబడదు. మిగతా ముక్కలకు ముందే పులుసు పోయొద్దన్నది అందుకే. ముప్పాతిక ఉడికిన గుమ్మడిని చెదరకుండా ఆపేదీ ఆ పులుపే. చాకు సాఫీగా దిగేదాకా ఆగారంటే ఆలస్యమైనట్టే.

బెండకాయల్ని రెండంగుళాల ముక్కలు చేసి, స్పూను నూనెలో జిగురు పోయేదాకా విడిగా వేయించి, పులుసుతోపాటే వేయండి. కారం, మిగిలిన ఉప్పు కూడా ఇప్పుడే. మూత తీసి పది నిమిషాలు మరిగితే పచ్చి పులుపు వాసన పోతుంది. అప్పుడు బెల్లం వేసి రుచి చూడండి. ముందు తీపి తగిలి, వెనకాల పులుపు, చివర్లో కారం తెలియాలి. గుమ్మడి బాగా తీయనిదైతే బెల్లం 30 గ్రాములే చాలు.

బియ్యప్పిండిని పావుగ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నగా ధార కట్టి పోయండి. పొడి పిండి నేరుగా చల్లితే ఉండకట్టక మానదు. ముందే కొట్టి పెట్టుకున్న పొడి కూడా వేసి సన్నసెగ మీద ఐదు నిమిషాలు ఉంచండి. ఈ దశ నుంచి గరిటె పెట్టి తిప్పొద్దు. గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని కుదపండి, అడుగంటుతుందనిపిస్తే గరిటె వెనకవైపుతో అడుగున మెల్లగా జరపండి. చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కాబట్టి, దించేటప్పుడు మీకు కావలసినదానికంటే పలచగానే ఉండాలి.

పోపుకి రెండు స్పూన్ల నూనె, ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిర్చి, ఇంగువ, రెండు రెబ్బల కరివేపాకు. ఇంగువ ధారాళంగా వేయండి. పోపు పెట్టి, కొత్తిమీర చల్లి, మూతపెట్టి కనీసం అరగంట కదపొద్దు. ముక్కకు పులుసు పట్టేది ఆ అరగంటలోనే.

పులుపు ఎక్కువైతే నీళ్లు పోయడం కంటే రెండు స్పూన్ల ఉడికిన కందిపప్పు మెదిపి కలపడం నయం. ఉప్పు ఎక్కువైతే మరో నాలుగు గుమ్మడి ముక్కలు విడిగా ఉడికించి వేయండి. ప్రెషర్ కుక్కర్ జోలికి పోవద్దు, ఒక్క విజిల్‌కే గుమ్మడి పప్పైపోతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు బటర్‌నట్ స్క్వాష్ సరిపోతుంది, దాని తొక్క మాత్రం తీసేయండి. కబోచా (జపాన్ గుమ్మడి) అయితే తొక్కతోనే వాడొచ్చు, ఇంకా చిక్కటి తీపి. హాలోవీన్‌కి చెక్కడానికి అమ్మే పెద్ద గుమ్మడికాయలు వద్దు, వాటిలో పీచూ నీళ్లే. డబ్బా చింతపండు గుజ్జు వాడితే ఒక టేబుల్‌స్పూనుతో మొదలుపెట్టి రుచి చూసి పెంచుకోండి.

మిగిలిన దప్పళం స్టీలు లేదా గాజు గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెడితే రెండ్రోజులు బాగుంటుంది, మర్నాడు రుచి పెరుగుతుంది కూడా. అల్యూమినియం గిన్నెలో వదలొద్దు. వేడిచేసేటప్పుడు కావలసినంత వరకే వేరే గిన్నెలోకి తీసుకుని, రెండు చెంచాల నీళ్లు చేర్చి సన్నసెగ మీద పెట్టండి. గీకేసిన గింజల్ని కడిగి ఎండబెట్టుకుంటే ఒలిచి, ఉప్పు చల్లి వేయించుకోవచ్చు.