స్పీడ్ చలానాకి కోర్టు సమన్లు వస్తే ఇలా చేయండి

మా బామ్మర్దికి వచ్చింది మొన్న, ఓవర్ స్పీడ్ చలానా 1035 రూపాయలు, మెసేజ్ వచ్చినప్పుడు చూద్దాంలే అని వదిలేశాడు, చివరికి ఇంటికి సమన్లు. భయపడి లాయర్ల చుట్టూ తిరగబోయాడు, నేనే ఆపాను.

ముందు ఆ కాగితం మీద కోర్టు పేరు, కేసు నంబర్, హాజరు తేదీ, బండి నంబర్ చూసుకోండి. కోర్టు కేసుల వివరాలు చూపించే సర్కారు యాప్ ఈకోర్ట్స్‌లో కేసు నంబర్ కొట్టి చూస్తే నిజమైనదో కాదో చాలావరకు తెలుస్తుంది. వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తే మాత్రం ముట్టుకోవద్దు, అది మోసం, అసలు సైట్లు చాలావరకు గవ్ డాట్ ఇన్ తోనే ముగుస్తాయి.

తర్వాత చలానా సైట్‌లో ఫొటో తెరిచి జూమ్ చేసి చూడండి, ఒక్కోసారి నంబర్‌లో 8 ని 3 గా చదివి వేరేవాళ్ల చలానా మనకి తగిలిస్తారు. అలా ఉంటే ఆ ఫొటో ప్రింట్, ఆర్సీ జిరాక్స్ పట్టుకెళ్లి జడ్జిగారికి చూపించండి. తప్పు మనదే అయితే ఒప్పుకుని ఫైన్ కట్టేయడమే, మోటారు వాహనాల చట్టం 208 సెక్షన్ కింద చిన్న కేసుల్లో పోస్టులో ఒప్పుకుని డబ్బు పంపే వీలు కూడా ఉంది, మీ సమన్లలో ఆ మాట రాశారేమో చదవండి.

ఆన్‌లైన్‌లో కట్టేశాం కదా అని ఇంట్లో కూర్చోకండి, రసీదు పట్టుకుని ఆ తేదీకి వెళ్లి కేసు క్లోజ్ అయిందో లేదో అడగండి, ఎగ్గొడితే వారంట్ దాకా పోతుంది.