వెంచర్ వాన నీళ్లు పక్క పొలాన్ని ముంచకుండా కాలువ, గుంట కట్టడం

ఐదెకరాల వరి మడుల్లో పది సెంటీమీటర్ల నీళ్లు నిలిచినా అవి దాదాపు 2,000 ఘనమీటర్లు. వెంచర్ వేసేటప్పుడు జేసీబీ మొదట చదును చేసేది ఆ నీళ్లను ఆపే గట్లనే. ఆ తర్వాత సీసీ రోడ్లు, స్లాబులు వస్తాయి. ఇక మొదటి పెద్ద వానకే కింది రైతు గట్టు తెగి, చేలో ఇసుక మేట వేస్తుంది. సరిహద్దు వెంట కాలువ తవ్వితే చాలదు. కాలువ నీళ్లను తగ్గించదు, ఇంకా తొందరగా కిందికి చేరుస్తుంది. దాని చివర నీళ్లను ఆపే గుంట కావాలి, గుంట నుంచి నీళ్లు పోయే సొంత దారి కావాలి.

పని ఎగువ నుంచి మొదలుపెట్టండి. గ్రామ నక్షాలో ఒర్రె (చిన్న వాగు), వాగు, కుంట ఎక్కడున్నాయో చూసి, అక్కడికి నడిచి వెళ్లండి. నక్షాలో గీత లేకపోయినా, జమ్ము వరసగా పెరిగిన పల్లం కనిపిస్తే నీళ్ల దారి అదే. సర్వేయరుతో పది మీటర్లకొకటి చొప్పున మట్టాలు తీయించండి, హద్దు దాటి రెండువైపులా ముప్ఫై మీటర్ల దాకా. చాలామంది హద్దురాయి దగ్గరే ఆపేస్తారు. అసలు తేడా దాని అవతలే ఉంటుంది.

ఎగువ పొలాల నీళ్లకు ప్రహరీ అడ్డం పెట్టకూడదు. సహజంగా దిగే నీళ్లను పల్లపు భూమి రానివ్వాలన్నది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్‌లోని ఉదాహరణల్లోనే ఉంది. 'సహజంగా' అన్నమాటే ముఖ్యం. చేనంతా పరుచుకుని పారే నీళ్లను పైపులోకి పోగేసి ఒకేచోట వదిలితే కింది రైతు అడ్డుచెప్పడం న్యాయమే. ఎగువ నీళ్లకు హద్దు వెంట వేరే కాలువ ఇవ్వండి. వెంచర్ నీళ్లతో కలిపితే గుంట చాలదు.

తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం 10 మీటర్ల దాకా వెడల్పున్న నాలాకు 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు వదలాలి. పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు.

ఇక లెక్క. పారుదల గుణకాన్ని (పడిన వానలో ఇంకకుండా పారే భాగం), గంటకు పడే వానను (మిల్లీమీటర్లలో), విస్తీర్ణాన్ని (హెక్టార్లలో) హెచ్చవేసి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనమీటర్లో వస్తుంది. పొలానికి గుణకం 0.3, ఇళ్లు నిండిన వెంచర్‌కు 0.7 తీసుకోండి. ఐదెకరాలంటే 2.02 హెక్టార్లు. గంటకు 60 మిల్లీమీటర్ల జోరు వానకు పొలంగా ఉన్నప్పుడు సెకనుకు 100 లీటర్లు, వెంచర్ అయ్యాక 236 లీటర్లు. ఇవాళ ప్లాట్లు ఖాళీగా ఉన్నాయని తక్కువ గుణకం వేయకండి.

కాలువ 60 సెంటీమీటర్ల వెడల్పు, 60 లోతు ఆర్‌సీసీ అయితే, 500 మీటర్లకు ఒక మీటరు వాలుతో, 45 సెంటీమీటర్ల మట్టంలో సెకనుకు సుమారు 255 లీటర్లు పారుతుంది. అదే కొలతల మట్టి కాలువలో అందులో సగమే. రైతు గట్టుకు కనీసం మీటరు ఎడం ఉంచండి, లేకపోతే తవ్వినప్పుడే గట్టు జారుతుంది. రోడ్డు దాటేచోట హ్యూమ్ పైపు (కాంక్రీటు పైపు) 600 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. 300 పైపు ప్లాస్టిక్ కవర్లతో ఒక్క సీజన్‌లోనే మూసుకుపోతుంది. సెప్టిక్ ట్యాంకు పొర్లు నీటిని ఇందులోకి వదిలితే తర్వాతి గొడవ వాన గురించి ఉండదు.

గుంట వెంచర్‌లోని అతి పల్లపు మూలలో ఉండాలి. సరిగ్గా ఆ మూలనే ప్లాటుగా అమ్మేస్తారు, కాబట్టి లేఅవుట్ ప్లానులోనే గుర్తు పెట్టించండి. వెంచర్ వల్ల సెకనుకు అదనంగా వచ్చే 136 లీటర్లు అరగంట పారితే 245 ఘనమీటర్లు. నీళ్లు తక్కువున్నప్పుడు తూము కూడా తక్కువే వదులుతుంది కాబట్టి 300కు కట్టండి. అడుగు 16×16 మీటర్లు, నీటి మట్టం దగ్గర 19×19, లోతు ఒక మీటరు. అడుగున 225 మిల్లీమీటర్ల పైపే తూము. గుంట నిండుగా ఉన్నప్పుడు అది సెకనుకు సుమారు 100 లీటర్లు వదులుతుంది, అంటే పొలం ఇచ్చినంతే. పైపు ఇంతకన్నా పెద్దదైతే గుంట ఉన్నా లేనట్టే. మీటరు మట్టంలో 2.5 మీటర్ల పొడవు మత్తడి (నిండితే నీళ్లు పొర్లిపోయే దారి) పెట్టి, కట్టను దానికన్నా 45 సెంటీమీటర్లు ఎత్తు లేపండి. కాలువ గుంటలోకి దిగేచోట రెండు మీటర్ల పూడిక తొట్టి కట్టకపోతే ఏటా గుంటంతా తోడాల్సొస్తుంది.

తూము నీళ్లు ఒర్రెలోకే పోవాలి. మూడు మీటర్ల మేర పది సెంటీమీటర్ల కంకర పరిచి, పైన 15 నుంచి 20 సెంటీమీటర్ల రాళ్లు పేర్చండి. ఒర్రె దాకా మధ్యలో ఎవరి పొలమైనా ఉంటే నోటిమాటతో సరిపెట్టకుండా ఒకటిన్నర మీటర్ల దారికి రాతపూర్వక ఒప్పందం రిజిస్టరు చేయించండి.

వరస కూడా ముఖ్యమే. మృగశిర కార్తెకు ముందే గుంట, తర్వాత కాలువ, ఆఖర్న రోడ్లు. రోడ్లు ముందేస్తే మొరమంతా రైతు చేలోకి దిగుతుంది. మొదటి పెద్ద వాన వెలిసిన రెండు గంటలకు గుంట దగ్గరికి వెళ్లండి. ఖాళీ కాకపోతే తూము నోట్లో చెత్త అడ్డుపడింది. మత్తడి రాయి అవతల బురద గీత ఉంటే నీళ్లు పొర్లాయి, లెక్కలో ఎగువ నీళ్లేవో తప్పిపోయాయి.