బోరు నీళ్లు, పాప లంగోటీలు

మాది నల్గొండ. పాపకు పాత నూలు పంచెలు చింపి లంగోటీలు కుట్టాను. కొద్ది రోజులకే అవి అట్టల్లా బిరుసెక్కాయి; పాప తొడల మడతలు ఒరుసుకుపోయాయి. బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి సబ్బు తెట్టు కట్టి బట్టలోనే ఉండిపోతుంది. మెత్తదనానికి అమ్మే ద్రవం వాడితే బట్ట తడి పీల్చదు, దాని జోలికి పోలేదు. సబ్బు తగ్గించి, చివరి జాడింపు నల్లా నీళ్లతో చేశాను. ఎండలో ఆరాక రెండు చేతులతో నలిపితే బిరుసు విరిగింది.

ఇక కారడం. బట్టంతా మందంగా కుడితే ఆరదు. మధ్యలో తువ్వాలు ముక్కను ఒక అంచుకే కుట్టి వదిలాను. విడిగా వేలాడి త్వరగా ఆరుతోంది. పిన్నీసు బదులు నాడాలు. బొడ్డు ఊడని పసికందుకైతే ముందు అంచును బొడ్డు కిందికి మడవాలి. పైన ప్లాస్టిక్ చుట్టమని అత్తమ్మ అన్నారు. ఈ ఎండల్లోనా!