పాత డెస్క్‌టాప్ కొనేముందు జేబులో పెన్‌డ్రైవ్

విండోస్ బదులు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుందామని సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ కొంటాం, ఇంటికొచ్చాక చూస్తే వైఫై రాదు, సౌండ్ పలకదు. నెల్లూరులో కొని కావలి, కందుకూరు దాకా సీపీయూ ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చేవాళ్లకైతే మరీ తలనొప్పి.

ఇంట్లోనే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో లైనక్స్ మింట్ (లైనక్స్‌లో ఒక రకం) ఎక్కించుకోండి. అందులో ముందున్నవన్నీ పోతాయి, కాపీ తీసుకోండి. షాపులో ఆన్ చేస్తూనే డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 టపటపా నొక్కితే బూట్ మెనూ, అంటే కంప్యూటర్ దేని నుంచి మొదలవ్వాలో అడిగే జాబితా వస్తుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే మింట్ తెరుచుకుంటుంది. ఇయర్‌ఫోన్ పెట్టి సౌండ్ వినండి, ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి చూడండి. ఆఫీసుల నుంచి వచ్చే వాటిలో చాలావరకు వైఫై కార్డే ఉండదు, యూఎస్‌బీలో పెట్టే వైఫై డాంగిల్ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

అసలు చూడాల్సింది డిస్క్. మింట్ మెనూలో డిస్క్స్ తెరిచి స్మార్ట్ డేటా (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) నొక్కితే అది ఎన్ని గంటలు నడిచిందో, బ్యాడ్ సెక్టార్లు అంటే పాడైన భాగాలు ఉన్నాయో లేదో కనిపిస్తుంది. షాపతను 'కొత్తదే సార్' అన్నా ఆ అంకె అబద్ధమాడడం అరుదు.

బయోస్‌కి, అంటే ఆన్ చేయగానే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌కి పాస్‌వర్డ్ ఉంటే మాత్రం ఈ పద్ధతి పనిచేయకపోవచ్చు. తీసిమ్మనండి, తీయలేకపోతే ఆ పెట్టె వద్దు.