మిడ్ పేపర్లు ఎలా దిద్దాలి? ముందు మాట, తర్వాతే మార్కు

మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీలోనే పెట్టే పరీక్ష) పేపర్లు చేతికి రాకముందే కీ రాసిపెట్టుకోండి. పది మార్కుల సర్క్యూట్ ప్రశ్నకు బొమ్మకు 2, సమీకరణాలకు 4, సాధనకు 3, యూనిట్లకు 1. పేరు కనపడకుండా మొదటి పేజీ వెనక్కి మడవండి. అందరి మొదటి ప్రశ్నా దిద్దాకే రెండోదానికి వెళ్లండి. ఎర్ర పెన్ను వద్దు, పచ్చదే వాడాలి. ఇంతవరకు ఎవరైనా చేయగలరు.

చాలామంది చెడగొట్టేది పేపర్లు తిరిగిచ్చేటప్పుడు. మార్కు పేపరు మీద వేయకండి, మీ నోటుబుక్కులో వేసుకోండి. మార్కు కనపడితే పిల్లలు టోటల్ చూసుకుంటారు, పక్కవాడికెంతో కనుక్కుంటారు, అర మార్కు కోసం మీ టేబుల్ దగ్గరికొస్తారు. మీరు రాసిన మాట చదవరు. పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన ఇజ్రాయెల్ బడిపిల్లల అధ్యయనంలోనూ ఇదే తేలింది: వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ల పని మెరుగుపడింది, దాంతోపాటు మార్కు కూడా చూసినవాళ్లది మెరుగుపడలేదు. మా ఇంజినీరింగ్ క్లాసుల్లో నేను చూస్తున్నదీ అదే.

ఏం రాయాలన్నది ఇంకా ముఖ్యం. ‘ఇంకా బాగా చదవాలి’ అని రాస్తే వాడు రేపు ఏం చేయాలి? మెష్ అనాలిసిస్‌లో (సర్క్యూట్‌లో ఒక్కో లూప్‌కు ఒక సమీకరణం రాసి కరెంట్లు కనుక్కునే పద్ధతి) ప్లస్, మైనస్ గుర్తు తప్పితే, ‘ఉమ్మడి రెసిస్టర్‌లో రెండు కరెంట్లూ ఎదురెదురుగా పోతున్నాయి, రెండో లూప్ మళ్లీ రాయి’ అనండి. సరైన సమీకరణం మీరే రాసివ్వకండి. పేపరుకు రెండు వ్యాఖ్యలు చాలు. మూడోది ఎవరూ పట్టించుకోరు.

తర్వాత క్లాసులోనే అరగంట ఇచ్చి, తప్పిన ప్రశ్న తిరగరాయించండి. ఇంటికి పంపితే కాపీ కొట్టి తెస్తారు. అది చూశాకే మార్కు చెప్పండి. మిడ్ మార్కు మార్చే వీలు లేకపోతే, తిరగరాసిన దాన్నే అసైన్‌మెంట్‌గా తీసుకోండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్లో (2022 బ్యాచ్‌తో మొదలైనవి) థియరీ సబ్జెక్టుకు నూటికి 40 మార్కులు ఇంటర్నల్‌వే, అంటే కాలేజీలోనే వేసేవి. ఇన్నేసి మార్కులు మన చేతిలో ఉన్నప్పుడు వాటితో నేర్పించాలి కదా!

క్లాసులో టాప్ పదిమందికే మంచి గ్రేడ్ అనే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. పక్కవాడికి అర్థమైతే తన గ్రేడ్ పడిపోతుందనుకునే పిల్లాడు వాడికెందుకు చెబుతాడు? ఎవరి మార్కైనా కీతోనే పోల్చాలి.

సగం క్లాసు ఒకే తప్పు చేసిందంటే పేపర్ల మీద ఏమీ రాయకండి. మర్నాడు ఆ పాఠం మళ్లీ చెప్పండి.