మామిడి సీజన్‌కు ముందే సీ ప్రోగ్రాముల్లో తెలుగు పేర్లు సరిచూసుకోండి

చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి కోతలు మొదలయ్యాక కాటాల దగ్గర ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. ట్రాక్టర్ కాటా ఎక్కుతుంది, బరువు పడుతుంది, పేరూ ఊరూ బరువూ ఉన్న చీటీ రైతు చేతికి వస్తుంది. ఆ చీటీ చూపించే ఆయన డబ్బు అడగాలి. నేను రాసే కాటా సాఫ్ట్‌వేర్ సీ భాషలోనే ఉంటుంది. పేర్లు తెలుగులో కావాలని ర్యాంపుల (కాయ కొనే చోట్ల) వాళ్లు అడగడం మొదలుపెట్టాక నేను నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీరు కాటాకు రాసినా, తిరుపతిలో లాడ్జి రసీదులకు రాసినా లెక్క ఒకటే. మార్పులన్నీ మే నెలలోనే ముగించండి. కాయ దిగడం మొదలయ్యాక కోడ్ ముట్టుకోవద్దు.

పోయిన సీజన్‌లో ఒక ర్యాంపు దగ్గర జరిగింది చెప్తాను. చీటీ తీసుకున్న పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంది సామీ, నా పేరు సగమే ఉండాది, దానెంక మా ఊరు అతుక్కోనుండాది" అన్నాడు. చూస్తే "సుబ్రహ్మణ్" అని ఉంది, దాని పక్కన నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు, ఖాళీ కూడా లేకుండా వెంటనే "తవణంపల్లె". వెనకాల పది బండ్లు హారన్ కొడుతున్నాయి. ఆ కోడ్ నేను రాసిందే. ఆ రోజు పడ్డ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

ఏం జరిగిందో బైట్లలో చూస్తే అర్థమవుతుంది. "సుబ్రహ్మణ్యం" మన కంటికి నాలుగు అక్షరాలు: సు, బ్ర, హ్మ, ణ్యం. యూనికోడ్ (లిపులన్నిటికీ నంబర్లిచ్చే పట్టిక) లెక్కలో అవి 12 సంకేతాలు, ఎందుకంటే కొమ్ము, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ఆ నంబర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, అంటే మొత్తం 36. నేను పేరుకు ఇచ్చిన చోటు 32 బైట్లు. ఇంగ్లిష్‌లో పదకొండు అక్షరాల్లో అయిపోయే పేరే కాబట్టి అన్నాళ్లూ అది చాలింది. స్ట్రింగ్ ఎన్ కాపీ (strncpy) ఫంక్షన్ నేను చెప్పినట్టే 32 బైట్లు కాపీ చేసి ఆగిపోయింది. సోర్స్ అంతకంటే పొడవుంటే ఆ ఫంక్షన్ చివర సున్నా, అంటే పేరు అయిపోయిందని చెప్పే బైటు, పెట్టదు. పది సంకేతాలకు 30 బైట్లు పోయాయి, మిగిలిన రెండు బైట్లలో "య"లో మూడింట రెండు వంతులు మాత్రమే పట్టింది. సున్నా లేదు కాబట్టి ప్రింట్ చేసే కోడ్ ఆగకుండా స్ట్రక్చర్‌లో పక్కనే ఉన్న ఊరి పేరులోకి వెళ్లిపోయింది.

దీనికంటే పెద్ద ప్రమాదం ఆ సాయంత్రం కనిపించింది. "సుబ్రహ్మణ్యం", "సుబ్రహ్మణ్యరెడ్డి" ఇద్దరూ 33 బైట్ల వరకు ఒకేలా ఉంటారు. తెగిన పేరుతో ఖాతా వెతికితే ఇద్దరు రైతులు ఒకరైపోతారు. ఒకరి లోడు ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

అందుకే మొదటి జాగ్రత్త ఇది: స్ట్రింగ్ లెన్ (strlen) ఇచ్చేది బైట్ల సంఖ్య అని ప్రతి చోటా గుర్తుపెట్టుకోండి. "తిరుపతి" అంటే 21, "చిత్తూరు" అంటే 24, "శ్రీకాళహస్తి" అంటే 36. పేరుకు నేనిప్పుడు 64 సంకేతాల చోటు ఇస్తున్నాను, మూడేసి చొప్పున 192 బైట్లు, చివరి సున్నాకు ఒకటి. కాపీకి ఎస్ఎన్ ప్రింట్ఎఫ్ (snprintf) వాడుతున్నాను. అది చివర సున్నా తప్పకుండా పెడుతుంది, మొత్తం ఎంత చోటు కావాల్సి వచ్చేదో కూడా చెబుతుంది. ఆ వచ్చిన విలువ బఫర్ సైజుకు సమానంగానో ఎక్కువగానో ఉంటే పేరు తెగిందని అర్థం. చాలామంది ఆ విలువ చూడనే చూడరు. దయచేసి చూడండి.

తెగితే ఏం చేయాలి? నా మటుకు, కోయకూడదు. ఎంట్రీ కొట్టేటప్పుడే "పేరు పొడవైంది" అని ఆపేయాలి. కానీ పాత ఫైళ్ల నుంచి వచ్చేవాటిని ఒక్కోసారి కోయక తప్పదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8ని రూపొందించినప్పుడే దీనికి వీలు పెట్టారు. 128 నుంచి 191 మధ్య ఉన్న బైటు ఏదైనా ఒక సంకేతానికి మధ్యదో చివరిదో అవుతుంది, మొదటిది ఎప్పటికీ కాదు. తెగబోయే చోట అలాంటి బైటు కనిపిస్తే, సంకేతం మొదలైన చోటు దొరికేదాకా వెనక్కి జరగండి. తెలుగుకు అంతటితో సరిపోదు. పై పేరును అలా శుభ్రంగా కోసినా "సుబ్రహ్మణ్" అనే మిగులుతుంది, అది ఆయన పేరు కాదు. చివర పొల్లు, అంటే 224, 177, 141 మిగిలితే దాన్నీ, దానికి ముందున్న హల్లునూ వదిలేయాలి. కోత తర్వాత మొదటి సంకేతం గుణింతపు గుర్తో, సున్నో, పొల్లో అయితే ఇంకా వెనక్కి పోవాలి. ఇదంతా సొంతంగా రాసుకోవడం కష్టమైతే ఐసీయూ లైబ్రరీలో అక్షరాల హద్దులు చెప్పే సదుపాయం ఉంది, అది వాడుకోండి.

చోటు పెంచేటప్పుడు ఇంకో గుంట ఉంది. పాత రికార్డులను స్ట్రక్చర్‌గానే ఎఫ్ రైట్‌తో ఫైల్లో దించి ఉంటే, స్ట్రక్చర్ సైజు మారిన క్షణం నుంచి పాత ఫైల్లోని ప్రతి రికార్డూ పక్కకు జరిగిపోతుంది. పాత స్ట్రక్చర్‌ను వేరే పేరుతో అలాగే ఉంచి, దాంతో చదివి, కొత్తదాంతో కొత్త ఫైల్లోకి రాయండి. కొత్త ఫైల్ మొదట్లో ఒక వెర్షన్ నంబర్ పెట్టండి.

ఇక కన్వర్షన్, అంటే పాత పేర్లను యూటీఎఫ్-8లోకి మార్చడం. పాత డేటా ఏ రూపంలో ఉందో తేల్చుకోకుండా మొదలుపెట్టొద్దు. తెలుగు యూనికోడ్‌లో 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే ఉంది, కానీ మన ఊళ్ల కంప్యూటర్లలో డీటీపీ ఫాంట్లు చాలాకాలం రాజ్యమేలాయి. అను లాంటి ఫాంట్లలో కొట్టిన పేరు లోపల నిజానికి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. ఫాంట్ వాటి మీద తెలుగు బొమ్మలు వేస్తుంది. అందులో అక్షరాలు పలికే వరుసలో కాక కాగితం మీద కనిపించే ముక్కల వరుసలో ఉంటాయి. ఐకాన్వ్ (iconv) లాంటి మార్పిడి లైబ్రరీలు దాన్ని మార్చలేవు. ఆ ఫాంట్‌కే రాసిన పట్టిక కావాలి, ముక్కల వరుస సరిచేసే కోడ్ కావాలి. ఇస్కీలో (భారతీయ లిపులకు పాత ప్రామాణిక కోడ్) ఉంటే కొంత నయం, కానీ అందులో భారతీయ లిపులన్నిటికీ అవే నంబర్లు, కాబట్టి ఫైలు తెలుగుదా తమిళందా అని మీరే చెప్పాలి.

మన జిల్లాకు ఒకవైపు తమిళనాడు, ఇంకోవైపు కర్ణాటక. గుడిపాల వైపు ర్యాంపుల్లో తమిళ లిపి పేర్లు, పలమనేరు వైపు కన్నడ పేర్లు వచ్చి పడతాయి. మూడు లిపులకూ యూటీఎఫ్-8లో మొదటి బైటు 224. మొదటి బైటు చూసి "తెలుగే" అని నిర్ణయించే కోడ్ ఇక్కడ పనికిరాదు. రెండో బైటు 176 గానీ 177 గానీ అయితే తెలుగు, 174, 175 తమిళం, 178, 179 కన్నడం.

మార్చిన ఫైల్‌ను పొరపాటున మళ్లీ మార్చడం కూడా మామూలుగా జరిగే తప్పే. అప్పుడు స్క్రీన్ మీద నెత్తిన వాలుగీత ఉన్న చిన్న ఇంగ్లిష్ ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే జంట, ఇలా వరుసగా కనిపిస్తాయి. ఆ జంట కనిపిస్తే లోపల ఉన్నది తెలుగే, యూటీఎఫ్-8 బైట్లను ఎవరో పాశ్చాత్య అక్షరాలుగా చదివారని అర్థం. కంగారుపడి చేత్తో దిద్దొద్దు, ఒక మెట్టు వెనక్కి తిప్పితే వచ్చేస్తుంది. అసలు ఫైల్ మీదే మార్పు ఎప్పుడూ చేయకండి. కాపీ మీద చేయండి.

ఫైల్‌ను ముక్కలుగా, 4096 బైట్ల చొప్పున చదువుతుంటే ముక్క చివర అక్షరం సగంలో ఆగే అవకాశం ఉంది, ఎందుకంటే 4096 మూడుతో భాగించబడదు. ఐకాన్వ్ దాన్ని "అసంపూర్ణం" అని ఒక ఎర్రర్‌తో, నిజంగా చెడిన బైట్లను వేరే ఎర్రర్‌తో చెబుతుంది. మొదటిదైతే మిగిలిన బైట్లను తర్వాతి ముక్క ముందు పెట్టి మళ్లీ పంపాలి. రెండోదైతే ఆ రికార్డు నంబర్ రాసుకుని మనిషి చూడాలి. రెండిటినీ కలిపి "ఎర్రర్ వస్తే దాటేయ్" అని రాస్తే పేర్లలో మధ్య అక్షరాలు మాయమవుతాయి. ఫైల్ మొదట్లో 239, 187, 191 ఉంటే అది బామ్ (ఫైల్ ఏ పద్ధతిలో ఉందో చెప్పే గుర్తు), దాన్ని తీసేయండి. లేకపోతే జాబితాలో మొదటి రైతు పేరు ఒక్కటే వెతికితే దొరకదు.

విండోస్ మీద పని చేసేవాళ్లకు వైడ్ క్యారెక్టర్ల (ఒక్కోదానికి ఒకటికి మించి బైట్లు తీసుకునే రకం) గొడవ వేరే ఉంది. డబ్ల్యూచార్ అక్కడ రెండు బైట్లు, లినక్స్‌లో నాలుగు. దాన్ని నేరుగా ఫైల్లో రాస్తే ఆ ఫైల్ రెండో చోట చదవరాదు. మల్టీబైట్ టు వైడ్‌చార్ పిలిచేటప్పుడు చివరి సైజు వైడ్ క్యారెక్టర్లలో చెప్పాలి. అలవాటుగా సైజాఫ్ (బైట్ల లెక్క) ఇస్తే రెట్టింపు చోటు ఉందనుకుని బఫర్ దాటి రాస్తుంది. పొడవు చెప్పి పిలిస్తే చివర సున్నా కూడా మీరే పెట్టుకోవాలి. తిరిగి యూటీఎఫ్-8కి తెచ్చేటప్పుడు రెండు బైట్ల తెలుగు సంకేతం మూడు బైట్లవుతుందని ముందే చోటు లెక్కేసుకోండి. లినక్స్‌లో ఎంబీఎస్ నుంచి డబ్ల్యూసీఎస్‌కు మార్చే ఫంక్షన్ వాడితే, ప్రోగ్రాం మొదట్లో సెట్ లొకేల్ పిలవడం మరవొద్దు. పిలవకపోతే తెలుగు బైటు రాగానే మైనస్ ఒకటి ఇచ్చి ఆగిపోవచ్చు. నా సలహా, ప్రోగ్రాం లోపలంతా యూటీఎఫ్-8గానే ఉంచి, విండోస్‌తో మాట్లాడే గుమ్మం దగ్గర మాత్రమే మార్చండి.

ఆఫీసు పీసీలో బాగా నడిచి కాటా దగ్గరి చిన్న బోర్డు మీద తప్పినా, లేదా దానికి ఉల్టాగా జరిగినా, క్యార్ (ఒక బైటు పట్టే సీ రకం) ప్లస్-మైనస్ గుర్తును అనుమానించండి. పీసీలో మామూలుగా క్యార్ మైనస్ విలువలు తీసుకుంటుంది, 224 అక్కడ మైనస్ 32. "224తో సమానమా" అన్న పోలిక ఎన్నటికీ నిజం కాదు. ఏఆర్ఎం బోర్డుల మీద లినక్స్‌లో క్యార్‌కు మైనస్ ఉండదు. బైట్లు చూసే ప్రతి చోటా అన్‌సైన్డ్ క్యార్ వాడండి, ఈజ్ స్పేస్ లాంటి వాటికి ఇచ్చేటప్పుడు కూడా.

ఒకే పేరు రెండు రకాలుగా నిల్వ ఉండటం నన్ను చాలా రోజులు వేధించింది. "చైతన్య"లోని ఐత్వం 3144 అనే ఒకే సంకేతం కావచ్చు, లేదా 3142, 3158 అనే రెండు ముక్కలు కావచ్చు. కంటికి తేడా లేదు, స్ట్రింగ్ కంపేర్‌కు అవి వేర్వేరు పేర్లు. నిల్వ చేసే ముందు ఎన్ఎఫ్‌సీ అనే యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి తెస్తే ఒకటే అవుతాయి. దీనికంటే కనపడనిది 8204, అంటే పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపే గుర్తు. "శ్రీనివాస్‌రెడ్డి" అని ఒకరు ఆ గుర్తుతో, ఇంకొకరు మధ్యలో ఖాళీతో కొడతారు. ఎన్ఎఫ్‌సీ దాన్ని ముట్టుకోదు. చీటీ మీద వేసే పేరులో దాన్ని తీయొద్దు, తీస్తే అక్షరం రూపం మారిపోతుంది. వెతకడానికి మాత్రం ఆ గుర్తూ ఖాళీలూ లేని రెండో కాపీ ఉంచుకోండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను ఆపేసిన తెలుగు అక్షరం గుర్తుందా? జ్ఞ తర్వాత సరిగ్గా ఈ గుర్తే, ఆ పైన దీర్ఘం. అప్‌డేట్ వచ్చేదాకా మెసేజ్ యాప్‌లు తెరుచుకోలేదు.

బరువు పెట్టెలో ఎవరైనా తెలుగు అంకెలు కొడితే రాతను సంఖ్యగా మార్చే ఏ టు ఐ (atoi) సున్నా ఇస్తుంది, ఎర్రర్ చెప్పదు. బదులుగా స్ట్రింగ్ టు ఎల్ (strtol) వాడి, ఎక్కడ ఆగిందో చూడండి.

ప్రింట్ ఎఫ్‌లో 20 అని వెడల్పు పెట్టి వరుసలు సరిచేసే అలవాటు మానేయండి. అది బైట్లు లెక్కపెడుతుంది. సంకేతాలు లెక్కపెట్టినా ఫలితం లేదు, "త్తూ"కు "ర"కు వెడల్పు వేరు. చిన్న థర్మల్ ప్రింటర్లలో మామూలుగా తెలుగు ఫాంట్ ఉండదు కాబట్టి, హార్ఫ్‌బజ్‌తో అక్షరాలు కూర్చి, బొమ్మగా గీసి పంపడమే దారి. అప్పుడు వెడల్పు పిక్సెళ్లలో కొలవొచ్చు.

పరీక్షించేటప్పుడు అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే కంపైలర్ సదుపాయం)తో ఒకసారి కంపైల్ చేసి నడపండి. బఫర్ దాటిన రాతలు చాలావరకు దొరికిపోతాయి. కానీ నా చీటీలో జరిగినట్టు ఒకే స్ట్రక్చర్‌లో ఒక ఫీల్డ్ నుంచి పక్క ఫీల్డ్‌లోకి వెళ్తే అది మామూలుగా పట్టదు. దాన్ని పేర్లతోనే పట్టాలి. కన్వర్షన్ అయ్యాక ముందు, తర్వాత రికార్డుల సంఖ్య సరిచూడండి. కొత్తది వెనక్కి మార్చి పాతదాంతో బైటు బైటూ పోల్చండి. ఆ తర్వాత జాబితాలో బైట్లలో అన్నిటికంటే పొడవైన ఇరవై పేర్లు తీయండి. వాటికి చైతన్య, జ్ఞానమ్మ, కృష్ణవేణి, ఐరాల, శ్రీకాళహస్తి, ఒక తమిళ పేరు కలపండి. ఆ చీటీలు మీ ఆఫీసులో కాదు, కాటా దగ్గరే, అక్కడి ప్రింటర్‌తోనే వేయించండి. కాటా మీద కూర్చునే మనిషితో ఒక్కొక్కటీ గట్టిగా చదివించండి. మీరు రాసిన కోడ్ కాబట్టి మీ కళ్లు తప్పును దాటేస్తాయి, ఆయన కళ్లు దాటవు. సరిగ్గా వచ్చిన ఆ చీటీల్ని జెరాక్స్ తీయించి సీజన్ అయ్యేదాకా కాటా గది గోడకు అంటించండి. థర్మల్ కాగితం మీది అచ్చు ఎండకూ వేడికీ పాడైపోతుంది. మధ్యలో ఏ పేరైనా తేడాగా వస్తే ఆయనే ముందు గోడ మీదిదాంతో పోల్చి చూసి మీకు ఫోన్ చేస్తాడు.